చలిపెట్టె బావి

మా అమ్మాయి ఇంట్లో గోడకు ఒక తెల్లటి డబ్బా ఉంది. ఎండాకాలంలో అది చల్లగాలి ఊదుతుందని నాకు తెలుసు. మొన్న చలికాలంలో బెంగళూరు పోయినప్పుడు అల్లుడు చేతిలోని మీట మీద సూర్యుడి బొమ్మను నొక్కాడు. అదే డబ్బా వెచ్చటి గాలి ఊదింది.

"వెచ్చగా ఉండాదా అత్తా?" అన్నాడు.

నేను లేచి బాల్కనీలోకి పోయాను. అక్కడ దాని జత పెట్టె ఒకటి ఉంది, పెద్దది, లోపల ఫ్యాను తిరుగుతోంది. చెయ్యి తిప్పి, అరచెయ్యి కాకుండా వెనకవైపు దాని ముందు పెట్టి చూశాను. బయట ఉన్న చలి కన్నా ఇంకా చల్లటి గాలి తగిలింది.

అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. "ఏందమ్మా ఇది? లోపల వెచ్చగా పెడితే సలిలోకొచ్చి నిలబడుకున్నావు?"

"యెనక సూస్తాండా" అన్నాను.

"యెనక ఏముండాది?"

వెనక ఏముందో చెప్పిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన చెప్పింది నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కూడా, అర్థమైందనుకునేలోపు జారిపోతుంది. ముసలితనంలో అక్షరాలు వచ్చాయి కాబట్టి, రాస్తే ఏమైనా తేలుతుందేమోనని రాస్తున్నాను.

ఆయనకు పేరు ఉండే ఉంటుంది. గుంతకల్లులో ఎవరూ ఆ పేరు అడిగినట్టు లేదు. ఐసు ఫ్యాక్టరీలో మిషను చూసుకునేవాడు కాబట్టి అందరూ ఐసప్ప అనేవారు. ఆయనా పలికేవాడు.

మా ఇంటాయన రైల్వేలో ఖలాసీ. మేము గుంతకల్లులో కాపురం పెట్టిన కొత్తలో వానలు లేవు. తర్వాత కూడా లేవనుకోండి. వీధిలో బావి ఉండేది, దాని అడుగున రాళ్లు కనిపించేవి. కొళాయి ఎప్పుడు వస్తుందో కొళాయికే తెలియదు. గుడ్డలు ఉతకాలంటే మా వీధి ఆడవాళ్లంతా ఐసు ఫ్యాక్టరీ వెనక్కి పోయేవాళ్లం. అక్కడ గోడలో ఒక గొట్టం ఉండేది. దాంట్లోంచి ఒక తొట్టిలోకి నీళ్లు పడేవి. ఆ నీళ్లు వెచ్చగా ఉండేవి. చలికాలం పొద్దున కూడా, పిల్లలకు పోసుకునేంత వెచ్చగా.

మొదటిసారి ఆ నీళ్లలో చెయ్యి పెట్టినప్పుడు నాకు తికమక పుట్టింది. ముందు గేటులోంచి చూస్తే గోనెపట్టాల్లో చుట్టిన ఐసు గడ్డలు బండికెక్కుతున్నాయి. వెనక గొట్టంలోంచి వేణ్ణీళ్లు పడుతున్నాయి. లోపల ఎక్కడో పెద్ద పొయ్యి ఉందని అనుకున్నాను. ఐసు చేసేవాళ్లకు పొయ్యి ఎందుకో అర్థం కాలేదు.

ఆయన బయటికి వచ్చాడు. ఎండలు మండుతున్నా మెడకు ఉన్ని మఫ్లరు. ఒంటికి ముక్కుపుటాలు మండే ఘాటు వాసన, ఆ మిషను గ్యాసుది. చేతిలో టీ గ్లాసు, దాన్ని తాగేముందు చెవికి ఆనించుకునేవాడు. ఒక చెవికి, తర్వాత ఇంకో చెవికి. చెవులు వెచ్చబడ్డాకే నోటికి.

"ఏమప్పా, పొయ్యి యాడ పెట్నావు?" అని అడిగాను.

"పొయ్యి లేదక్కా."

"పొయ్యి లేకుండా నీళ్లు కాగుతాయా? మీ ఇంట్లో అన్నం గూడా అట్లే ఉడుకుతాదా?"

"మా ఇంట్లో అన్నం వండేవాళ్లే లేరు. నీకు తెలిసినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పు."

ఆడవాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. గొట్టం కింద చెయ్యి తిప్పి, వెనకవైపు తడుపుకున్నాడు. ఏది తాకినా అట్లాగే తాకేవాడు. అరచెయ్యి అబద్ధం చెబుతుందట. పని చేసీ చేసీ మొద్దుబారి ఉంటుంది కాబట్టి దానికి అన్నీ ఒకటేనట. చెయ్యి వెనక తోలు పసిబిడ్డ లాంటిదట, ఉన్నది ఉన్నట్టు చెబుతుందట.

"మీరు ముందర నిలబడుకొని సూస్తారు, ఐసు కనబడుతాది. యెనక్కొస్తే కదా సంగతి. ఐసులో సలి పోసినామనుకుంటారు. సలి అనేదే లేదక్కా. ఉండేది వేడి ఒక్కటే. నీళ్లలో ఉండే వేడిని తీసేస్తే ఐసు. తీసిన వేడిని ఏం జేయాల? మింగలేం గదా. ఈడ పారేస్తాండాం. మీరు దాంట్లో గుడ్డలుతుకుతాండారు."

"అంటే ఈ నీళ్లు ఐసు ఎంగిలా?" అంది నా పక్కనున్న ఒకామె.

"అట్లే అనుకో" అని లోపలికి పోయాడు.

చలి లేదన్న మాట నన్ను చాలా రోజులు పట్టి పీడించింది. చలికాలం పొద్దున వాకిలి ఊడుస్తూ పళ్లు కటకటలాడుతుంటే, లేనిదానికి ఇంత వణుకు ఎందుకు వస్తుందని అనుకునేదాన్ని. మా అత్తతో చెబితే, "వాని తలకాయ. సలి లేదంట! మఫ్లరు ఏంటికి సుట్టుకుంటాడో అడుగు" అంది. నిజమే. అడిగాను.

"నాలో వేడి బయటికి పారిపోకుండా" అన్నాడు.

ఏది అడిగినా జవాబు ఉండేది, కానీ ఆ జవాబు పక్కన ఇంకో ప్రశ్న కూర్చుని ఉండేది.

వెనక్కి పోయి చూడడం ఆయనకు మిషన్ల దగ్గరే కాదు, అన్నిచోట్లా అలవాటు. పెళ్లికి పిలిస్తే పందిట్లోకి రాడు, వెనక వంటల దగ్గరికి పోయి గాడిపొయ్యి పక్కన నిలబడేవాడు. దేవుడి గుడికి పోతే గర్భగుడి వెనక గోడకు నుదురు ఆనించి దండం పెట్టేవాడు. "ముందర అందరూ అడుగుతాంటారు. యెనక పక్క ఎవరూ ఉండరు, నా మాట ఇనబడుతాది" అనేవాడు. పూజారి ఒకసారి తిట్టాడని విన్నాను. మనుషులను కూడా వెనక నుంచే చూసేవాడు. ఎదురుగా వచ్చి పలకరించి, మీరు పోతుంటే ఆగి మీ వీపు చూసేవాడు. కొత్తవాళ్లకు అది చెడ్డగా అనిపించేది. మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆయనను తన్నాలని కూడా అనుకున్నారు.

గొప్పలు కూడా బాగా చెప్పేవాడు. ఐసు ఫ్యాక్టరీలో పారేసే వేడిని పట్టుకుంటే గుంతకల్లు నుంచి బళ్లారి దాకా రైలు నడపవచ్చు అన్నాడు ఒకసారి. మా ఇంటాయన అది విని, "రైలు నా తట్టు వదిలిపెట్టప్పా, నువ్వు ఐసు చూసుకో" అన్నాడు. ఆ రైలు మాట అబద్ధమో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మాటల్లో ఏది కొలిచి చెప్పింది, ఏది నోటికి వచ్చింది అనేది ఆయనకు కూడా తెలిసేది కాదేమో.

తీసేయడం అంటే ఎట్లా తీస్తారని ఒకరోజు పట్టుబట్టి అడిగాను. ఆయన నేను ఉతుకుతున్న గుడ్డ లాక్కున్నాడు. నీళ్లలో ముంచాడు. నడుచుకుంటూ అవతలి బండ దగ్గరికి పోయి పిండాడు. నీళ్లు కారాయి. మళ్లీ వచ్చి ముంచాడు, మళ్లీ పోయి పిండాడు.

"గొట్టాల్లో గ్యాసు ఉంటాది. అది ఈ గుడ్డ మాదిరి. ఐసు పక్కకు పోయినప్పుడు వదులుగా, సల్లగా ఉంటాది, ఆడుండే వేడిని పీల్చుకుంటాది. ఈ పక్కకొచ్చినాక మిషను దాన్ని పట్టి పిండుతాది. పిండితే వేడి కారుతాది. మళ్ల వదులైతాది, మళ్ల పోతాది. అంతే. పోవడం, రావడం."

"గుడ్డ మురికయింది" అన్నాను.

ఇంకోసారి అడిగితే కపిల అన్నాడు. వాళ్ల నాయనకు విడపనకల్లు దిక్కు పల్లెలో కపిల బావి ఉండేదట. ఎడ్లు వాలులోకి దిగుతుంటే తోలుబాన నిండా నీళ్లు పైకి వచ్చేవి. "ఎద్దు నీళ్లను పుట్టిస్తాదా? లేదు. బావిలో ఉండేటివి పైకి తెస్తాది. మిషను గూడా వేడిని పుట్టించదు. యాడనో ఉండేదాన్ని తోడి ఇంకోతావ పోస్తాది. కరెంటు ఎద్దు. గ్యాసు బాన."

"మొన్న గుడ్డ అంటివి?"

"గుడ్డే. కపిలే. రెండూ ఒకటే."

"గుడ్డా కపిలా ఒకటెట్లయితాయప్పా?"

ఆయన నా వైపు జాలిగా చూసి, "నువ్వు ముందర నిలబడుకొని సూస్తాండావక్కా" అన్నాడు.

వాళ్ల బావి ఎండిపోయిన సంగతి ఆయన చెప్పలేదు. మా ఇంటాయన చెప్పాడు. లోతు తవ్వారు, ఇంకా తవ్వారు, రాయి తగిలింది. ఎడ్లను సంతకు తోలేశారు. వాళ్ల నాయన ఆ తర్వాత కూడా పొద్దున్నే పోయి బావి గట్టు మీద కూర్చునేవాడట.

కొన్నేళ్లు పోయాక, చలికాలంలో, మా అమ్మాయి పుట్టింది. నెలలు నిండకుండా, ఎనిమిదో నెలలో పుట్టింది. ఏడో నెల బిడ్డ నిలుస్తుంది కానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవదని మా వాళ్లు అంటారు. ఒక నెల ఎక్కువ ఉన్న బిడ్డ ఎందుకు నిలవదో ఎవరూ చెప్పరు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలియలేదు. ఏడుపు కూడా పిల్లికూన మూలిగినట్టు ఉండేది. ఆసుపత్రిలో పసిబిడ్డలను వెచ్చగా ఉంచే గాజుపెట్టె ఒకటే ఉండేది, దాంట్లో అప్పటికే మా బిడ్డ కన్నా చిన్న బిడ్డ ఉంది. డాక్టరమ్మ మంచిది. నా చెయ్యి పట్టుకుని, "ఈ బిడ్డకు మందు కన్నా వెచ్చదనం ముఖ్యం. ఒళ్లు చల్లబడనివ్వద్దు. కానీ గదిలో పొగ మాత్రం వద్దు" అని చెప్పి పంపింది.

మాది బండల మిద్దె. ఎండాకాలం పెనం, చలికాలం ఐసు. బాలింత గదిలో కుంపటి పెట్టడం మా ఆనవాయితీ. మా అత్త మంచం కింద కుంపటి పెట్టింది. గది వెచ్చబడింది, బిడ్డకు ఊపిరి ఎగపోసింది, పెదవులు నీలమయ్యాయి. కుంపటి తీసేస్తే ఊపిరి సర్దుకుంది, కాళ్లు చల్లబడ్డాయి. బిడ్డను నా రొమ్ముకు కట్టుకుందామంటే నాకే జ్వరం, చలితో వణుకు. కరెంటు హీటరు ఒకరి దగ్గర అడిగి తెస్తే అది పెట్టగానే మా ఇంటి ఫ్యూజు టప్పున పోయేది. కుంపటి పెట్టినా బిడ్డ పోయేట్టుంది, తీసినా పోయేట్టుంది. మా అత్త కుంపటి చేత్తో పట్టుకుని గడపలో నిలబడి లోపలికి ఒక అడుగు, బయటికి ఒక అడుగు వేస్తుండేది.

నా నెత్తిన పెట్టడానికి ఐసు ముక్క కోసం మా ఇంటాయన ఫ్యాక్టరీకి పోయాడు. అక్కడ ఐసప్ప బాగున్నావా అంటే బాగున్నానని నవ్వాడట. తిరిగి వస్తుంటే వెనక నుంచి కేక.

"అన్నా, ఆగు. ముందర నవ్వుతాండావు, యెనక సూస్తే సొక్కా అంతా తడిసిపోయిండాది. ఈ సలికి సెమటేంది?"

మా ఇంటాయన అక్కడే ఐసు ముక్క చేతిలో పెట్టుకుని ఏడ్చాడట. ఈ మాట నాకు మా ఇంటాయన చెప్పలేదు, ఐసప్ప చెప్పాడు.

మర్నాడు పొద్దున తోపుడు బండి మీద ఒక పాత ఫ్రిజ్జు వేసుకుని ఆయన మా వాకిట్లో దిగాడు. ఎవరో ఆఫీసరు బంగళాలో పనికి రాదని పారేస్తే తెచ్చి బాగు చేసుకున్నాడట. దానికి తలుపు లేదు. తలుపు తానే ఊడదీశానన్నాడు.

మా అత్త గడపకు అడ్డంగా చేతులు చాపింది. "బాలింత ఇంట్లోకి సలిపెట్టె తెస్తావా? నీ కండ్లేమన్నా పోయినాయా? బిడ్డ సల్లబడిపోతాందిరా నాయనా అంటే ఐసు తెచ్చి పెడతావా?"

"ఐసు కోసం కాదవ్వా. వేడి కోసం."

"ఏమే, వీనికి జ్వరం నీకన్నా ఎక్కువుండాది" అంది అత్త నాతో.

"అవ్వా, ముందర సూడొద్దు. యెనక సూడు" అని ఫ్రిజ్జు వెనక నల్లటి సన్న గొట్టాలు చూపించాడు. "ఇంట్లో పెడితే ఇది ఏం జేస్తాది? కడుపులో ఉండే వేడిని తీసి యెనక గొట్టాల్లోంచి గదిలో పారేస్తాది. ఇప్పుడు దీని నోరు పెరట్లోకి పెడతా. యెనక పక్క గదిలోకి పెడతా. పెరట్లో ఉండే వేడిని తోడి గదిలో పోస్తాది. పొగ లేదు, నిప్పు లేదు. ఫ్యూజు గూడా పోదు. హీటరంటే ఎద్దును పిండి నీళ్లు తీసినట్టు. ఇది ఎద్దుతో బావి తోడినట్టు."

"పెరట్లో వేడి యాడ ఉండాదప్పా?" అన్నాను నేను మంచం మీద నుంచే. "నేను సచ్చిపోతాండా సలికి."

"నీకు లేదక్కా. గ్యాసుకు ఉండాది. అది నీకన్నా సల్లంగా ఉంటాది. ఆకలిగొన్నోనికి గంజే పాయసం. ఈ సలిగాలే దానికి ఎండాకాలం వడగాలి."

మా ఇంటాయన వచ్చి ఫ్రిజ్జుకు ఒక పక్క పట్టుకున్నాడు. అర్థమై పట్టుకోలేదు. అప్పుడు ఎవరు ఏది తెచ్చినా పట్టుకునేవాడు.

గదికి పెరటివైపు ఉన్న చిన్న వాకిలిలో దాన్ని ఇరికించారు. నోరు పెరట్లోకి, వీపు మా మంచం వైపు. సందుల్లో గోనెపట్టాలు, పాత బొంతలు కుక్కారు. మీట వేయగానే అది గుర్రుమంది. మధ్యాహ్నానికి ఆ నల్లటి గొట్టాలు వేడెక్కాయి. గది మారింది. కుంపటి అంత కాదు, ఆవు పక్కన పడుకుంటే ఉండేంత వెచ్చన. మా అత్త బిడ్డ పాదాలు పట్టుకుని చూసి, కుంపటి తీసి బయట పెట్టింది. ఐసప్ప ఒక్కమాట చెప్పాడు: "అది ఆపకుండా పని చేస్తే కాలిపోతాది. మధ్యమధ్య అలసిపోయి తనే ఆగుతాది, మళ్ల తనే లేస్తాది. భయపడొద్దండి." చెప్పి పోయాడు.

తర్వాతి రోజు పొద్దున గది మళ్లీ చల్లబడింది. మిషను గుర్రుమంటూనే ఉంది, గొట్టాలు మాత్రం గోరువెచ్చగా కూడా లేవు. బిడ్డ కాళ్లు ఐసు ముక్కలు. పాలు తాగడం మానేసింది. ఏడవడం కూడా మానేసింది, అదే ఎక్కువ భయం వేసింది. మా ఇంటాయన పరుగున పోయి ఐసప్పను లాక్కొచ్చాడు.

ఆయన వచ్చి చెయ్యి తిప్పి గొట్టాల మీద పెట్టాడు. ముఖం వాడిపోయింది. "ఇట్ల కాకూడదే" అన్నాడు. అన్నింటికీ జవాబు ఉన్న మనిషి తెల్లబోయి నిలబడితే ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాను. మిషనుకు చెవి ఆనించి విన్నాడు. గొట్టం తట్టాడు. తల గోక్కున్నాడు. ఏమో అక్కా, అన్నాడు. అంతలో ఆయన అలవాటే ఆయనకు గుర్తొచ్చినట్టుంది. వెనక్కి పోయి చూడాలంటే ఈసారి పెరట్లోకి పోవాలి. పోయాడు.

పెరట్లోంచి అరుపు వినిపించింది. "ఎవరు మూసినారు దీన్ని?"

మా అత్త లేచింది. "నేనే. ఏమైంది ఇప్పుడు? సలంతా నోట్లోంచి బయటికి కొడతాంది. ఆ సలి తిరుక్కోని బిడ్డకు తగులుతాదని రెండు బొంతలు, గోనెపట్టా కప్పి కట్టినా. తలుపు లేని పెట్టెకు నేను తలుపు పెట్నా. తప్పా?"

నేను మంచం మీద నుంచి విన్నాను. నాకైతే అత్త చేసింది సబబుగానే తోచింది. చల్లటి నోరు మూస్తే చలి తగ్గాలి కదా.

ఐసప్ప బొంతలు ఊడపీకుతూ, "అవ్వా! బావికి మూతేసి, నీళ్లు రాలేదంటే యాడొస్తాయవ్వా!" అన్నాడు.

మా అత్త పెరట్లోకి పోయింది. ఆమె కూడా కపిల బావులున్న ఇంట్లో పుట్టింది.

"బావా?" అంది.

"బావే."

"అంటే ఇది పెట్టె కాదు. ఈ బయట ఉండే గాలంతా బావి."

"ఆ."

"ఈ నోరు గట్టు."

"అంతే అవ్వా, అంతే!"

"అట్ల చెప్పొద్దా ముందే! గుడ్డా, గ్యాసూ, సలి లేదూ, వేడి ఉండాదీ అని ఏమేమో కూసి, బావి అని ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?"

"చెప్పినా కదవ్వా నిన్న..."

"యాడ చెప్పినావు? ఎద్దును పిండినట్టు అంటివి. ఎద్దును ఎవరన్నా పిండుతారా?"

పెట్టె లోపలి గోడలకు తెల్లగా మంచు పేరుకుని ఉంది. కత్తి తగిలితే గొట్టం తెగుతుందని, చెక్క గరిటెతో గీకమన్నాడు. గోనెపట్టాలు తీశాక కొంతసేపటికి గొట్టాలు వేడెక్కడం మొదలుపెట్టాయి. ఎంతసేపు పట్టిందో తెలియదు, నాకు ఒక కరువంత కాలం అనిపించింది. ముందుగా బిడ్డ కాళ్లు కదిపింది. తర్వాత పిల్లికూన లాగా మూలిగింది.

ఆ రోజు నుంచి మా అత్త కంబళి కప్పుకుని పెరట్లో ఆ నోటి ముందు కాపలా కూర్చుంది. గరిటెతో మంచు గీకేది. గీకిన మంచు పడడానికి కింద ఒక గిన్నె పెట్టింది. ఆ కరువులో ఆమె చుక్క నీరు నేల పాలు కానిచ్చేది కాదు. ఇరుగుపొరుగు వచ్చి ఏమిటిదని అడిగితే, "బావి" అనేది. ఎవరో ఒకామె మజ్జిగ చెంబు తెచ్చి కాసేపు దాంట్లో పెట్టుకుంటానంది. "బావిలో మజ్జిగ పెడతావా? పో!" అని తరిమింది.

మధ్యమధ్య ఐసప్ప వచ్చేవాడు. లోపలికి రాకుండా, ముందు పెరట్లోకే పోయేవాడు. నోటి దగ్గర చెయ్యి తిప్పి పెట్టేవాడు, తర్వాత కిటికీలోంచి, "అక్కా, పాప?" అనేవాడు. డాక్టరమ్మ కూడా ఒకసారి వచ్చి, గొట్టాల ముందు నిలబడి, పెరట్లోకి పోయి నోటి ముందు నిలబడి, బాగుంది అని నవ్వింది. ఎట్లా పని చేస్తుందో ఆమెకు తెలిసినట్టే ఉంది. నేను అడగలేదు. అడిగితే గుడ్డ, కపిల కాకుండా మూడో పోలిక చెబుతుందని భయం.

బాలింత లేచాక బావి దగ్గరికి పోయి, పసుపు కుంకుమ పెట్టి, చేద వేసి నీళ్లు తోడి తేవాలి. అంతవరకు ఆమె నీళ్లు ముట్టదు. ఆ రోజు వచ్చింది. మా వీధి బావిలో రాళ్లే ఉన్నాయి. కొందరు కొళాయికి పెట్టమన్నారు.

"నీళ్లు రాని కొళాయికి పసుపు ఏంటికి?" అంది మా అత్త. "నా కోడలికి బావి ఉండాది."

నన్ను పెరట్లోకి నడిపించింది. ఐసప్ప అప్పుడే వచ్చి ఉన్నాడు. ఆయన చూస్తుండగానే ఫ్రిజ్జు నోటి అంచుకు పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, ఆకూ వక్కా పెట్టింది.

"అవ్వా, అవ్వా! మిషనవ్వా ఇది" అన్నాడు.

"తెలుసులేప్పా. నువ్వే గదా బావి అంటివి."

"అది ఊరికే... అర్థం కావడానికి..."

"నాకు అర్థమైంది. నీకు కాలేదు. పక్కకు జరుగు."

నా చేతికి తాడు కట్టిన చెంబు ఇచ్చింది. ఫ్రిజ్జు నోటి ముందు కిందికి వదలమంది. నేను వదిలాను. అక్కడ ఏముంటుంది, ఉత్త చెంబే పైకి వస్తుంది కదా అనుకున్నాను. చెంబు గిన్నెలో తగిలి బుడుంగుమంది. పైకి లాగితే నీళ్లు ఉన్నాయి. గీకిన మంచు కరిగిన నీళ్లు, మా అత్త పారబోయకుండా దాచినవి. తేటగా, చల్లగా ఉన్నాయి.

ఐసప్ప ముఖం చూశాను. ఐసు ఫ్యాక్టరీలో ఏళ్లుగా గొట్టాలకు పట్టే మంచును గీకి పారేసిన మనిషి. ఆయన ఎన్నడూ దాన్ని నీళ్లని అనుకోలేదేమో. "నీళ్లు గూడా వచ్చినాయే" అన్నాడు, చాలా మెల్లగా. తర్వాత, "యాడివి ఇవి?" అని మమ్మల్ని అడిగాడు. ఆయన మమ్మల్ని ప్రశ్న అడగడం అదే మొదలు.

"గాలిలోవి" అంది మా అత్త, ఏమీ ఎరగనివాడికి చెప్పినట్టు. "బావి గదా."

ఆయన వంగి, చెయ్యి తిప్పి, వేళ్ల వెనకవైపు ఆ చెంబులో ముంచాడు. తీయలేదు. మఫ్లరు చెంబులో పడబోతే రెండో చేత్తో పట్టుకున్నాడు. ఎండిన గట్టు మీద కూర్చునే వాళ్ల నాయన గుర్తొచ్చాడో, ఇంకేదో, నాకు తెలియదు. నేను ఆయన వీపు చూశాను. చొక్కా కదులుతోంది.

శివరాత్రికి చలి పోయాక ఆయన వచ్చి ఫ్రిజ్జు ఊడదీసి తీసుకుపోయాడు. మా అత్త అంచు మీది పసుపు తుడవబోతే వద్దన్నాడు. తర్వాత కొన్నేళ్లకు ఫ్యాక్టరీ బోరు ఎండిపోయి మూతపడింది. ఆయన బళ్లారికి పోయాడన్నారు కొందరు, హొసపేటలో ఏదో హోటల్లో ఉన్నాడన్నారు కొందరు. ఉన్నాడో లేడో తెలియదు.

బిడ్డ బతికింది. ఆ పెట్టె వల్లే అంటే, డాక్టరమ్మ నా పాలు పడ్డాయి కాబట్టి అంది. మా ఇంటాయన ఆ వారంలో చలి కూడా తగ్గిందన్నాడు. మా అత్త గంగమ్మ అంది. ఐసప్పను అడిగితే, "ఏమోనక్కా. కొన్ని సెయ్యికి తెలుస్తాయి, తలకు తెలియవు" అన్నాడు. నేను అందరి మాటా నమ్మాను. ఒక్కటి నమ్మితే మిగతావి పోతాయని భయం.

ముసలితనంలో పలక పట్టినప్పుడు పంతులమ్మ "బ, బావి" అని రాయించి, పక్కన బావి బొమ్మ వేయమంది. అందరూ గుండ్రంగా గీశారు. నేను తలుపు లేని పెట్టె గీశాను. పంతులమ్మ చాలాసేపు చూసి, తప్పు పెట్టాలో వద్దో తెలియక పలక తిరిగి ఇచ్చేసింది.

మొన్న బాల్కనీలో మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. తిప్పి, వెనకవైపు ఆ గాలి ముందు పెట్టాను.

"సల్లగా ఉండాదమ్మా" అంది.

"నువ్వు ఈ బావి నీళ్లతో బతికినదానివే" అన్నాను.

"ఏ బావి? నాకేమీ అర్థం కాలేదు."

"నాకూ కాలేదులే" అన్నాను. పెట్టె కింద గొట్టంలోంచి ఒక్కో చుక్క నీళ్లు పడుతున్నాయి. లోపలికి పోయి చెంబు తెచ్చి దాని కింద పెట్టాను.